గెడ పొడవంత దూరం

నేను పాకాల మనిషిని. రైలు కూతను బట్టి పొయ్యి వెలిగించుకునే ఇంట్లో పుట్టినదాన్ని. బావిలోకి తొంగి చూడాలన్నా భయపడే నన్ను తీసుకెళ్ళి ప్రభుత్వం వారు పులికాట్ సరస్సు నడుమ ఉన్న ఒక దీవిలో నర్సుగా వేశారు. ఆర్డరు కాగితం చూసి మా నాయన, "నీకు ఈత వచ్చునా రాదా అని ఒక మాటైనా అడగలేదా వాళ్ళు?" అన్నాడు. అడగలేదు. అడిగితే ఆ దీవికి నర్సు దొరకదని వాళ్ళకు తెలుసు.

ఆ దీవి మీద ఉన్నది ఒకే ఊరు. అందరూ చేపలు, రొయ్యలు పట్టేవాళ్ళే. రెండు గదుల బడి, అమ్మవారి గుడి, మంచినీళ్ళ బావి, నా ఆరోగ్య కేంద్రం అనబడే ఒక గది. ఒడ్డుకు పోవాలంటే పడవలో గంటకు పైగా పడుతుంది. నీళ్ళు లోతు తక్కువ కాబట్టి వెదురు గెడను అడుగున గుచ్చి నెడుతూ పోతారు. అవతలి లోకమంతా వాళ్ళకు 'ఒడ్డు'. అది తిరుపతైనా ఢిల్లీ అయినా ఒడ్డే. ఆరేళ్ళు వాళ్ళ పిల్లలకు సూదులు వేసినా నేను కూడా 'ఒడ్డు మనిషి'నే. మొదట్లో ఒళ్ళు మండేది గానీ తర్వాత అలవాటైపోయింది.

కరోనా వచ్చిన మొదటి ఏడాది లోకమంతా తలుపులు మూసుకుంటే మా దీవి పడవలు ఒడ్డుకు లాగి బోర్లించింది. చేపలు కొనే ఏజెంటు పడవ నీళ్ళ మధ్యదాకా వచ్చి ఆగేది. వీళ్ళు బుట్టలు గెడ చివర తగిలించి అందించేవాళ్ళు. మనిషికీ మనిషికీ ఆరడుగులుండాలని నేను చెప్పినప్పుడు ఊరి పెద్ద, అందరూ పెద్దకాపు అని పిలిచే ముసలాయన, "అడుగులు ఎవురు కొలస్తారమ్మా! గెడ పొడుగంత. అంతే" అని తేల్చేశాడు. గెడ అంటే పదిహేను అడుగులు. ప్రభుత్వం అడిగినదానికి రెట్టింపు దాటి పాటించిన ఊరు మాదేనేమో! ఒడ్డుకు పోయి వచ్చినవాడు ఎవడైనా సరే పద్నాలుగు రోజులు బడిలో ఉండాలి. బయట తాళం. కూడూ నీళ్ళూ కిటికీలోంచి, గెడ చివరన.

ఆ కట్టుబాటుకు లోబడని మనిషి ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే. ప్రతి గురువారం మీటింగుకూ మందుల పెట్టెకూ నేను ఒడ్డుకు పోయి రావలసిందే. రెండో ఏడాది మొదట్లోనే నాకు కరోనా టీకా రెండు సూదులూ పడ్డాయి. మందుల పెట్టెకు రోగం వస్తుందా అన్నట్టు చూసేవాళ్ళు నన్ను. నాకూ అది బాగానే ఉండేది, అబద్ధమెందుకు. పడవ దిగి నేను నేరుగా ఇంటికి నడిచిపోతుంటే, బడి కిటికీలోంచి చూసేవాడి ముందు కాస్త గొప్పగా కూడా ఉండేది.

ఇల్లంటే అవ్వ ఇల్లు. ఆ ముసలామె ఇంట్లో పక్క వాటా నాది. భోజనం ఆమెతోనే. అవ్వకు మిగిలింది ఒక్కడే కొడుకు. ఆ ఏడాది ఎండాకాలం అతని భార్య కాన్పుకని ఒడ్డున పుట్టింటికి పోయి ఆడపిల్లను కన్నది. కబురు అందగానే ఆగలేక బిడ్డను చూసి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే బడిలోకి పోయాడు. నేనే తాళం వేశాను.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ దీవిలో ఎవరిష్టం వచ్చినచోట వాళ్ళు వల వేయడానికి లేదు. రొయ్య బాగా పడే తావులకు ఏడాదికొకసారి వంతులు పంచుకుంటారు. ఏ తావులో ఎన్నో వంతు, ఏ రోజున వల వేయాలో గీసిన తాటాకు ముక్కలు అమ్మవారి ముందు కుండలో వేసి, ఇంటికొక మగవాడు తన చేత్తో తానే తీయాలి. తమ్ముడు తీయకూడదు, తల్లి తీయకూడదు. ఆ రోజు రానివాడికి ఆ ఏడాది వంతు లేదు. ఇంకొకరి వల దగ్గర కూలికి పోవలసిందే. అవ్వ కొడుకు బడిలోకి పోయిన తొమ్మిదో రోజున ఆ కుండ పెట్టే రోజు పడింది.

వారం ముందునుంచే అవ్వ నా వెంట పడింది.

"ఒక్క గంట, నర్సమ్మా. పోతాడు, తాటాకు తీస్తాడు, మళ్ళా లోపలికి పోతాడు. ఎవురికి తెలస్తాది?"

"గుడి ముందర ఊరంతా మోకాలికి మోకాలు తగిలేటట్టు కూసుంటారు గదవ్వా! ఎవురికి తెలస్తాది అంటావే? రోగానికి తెలస్తాది."

"వాడికి దగ్గా, జొరమా? ఎద్దు మాదిరి ఉండాడు."

"ఎద్దు మాదిరి ఉండేవాళ్ళే తెచ్చి అంటిచ్చేది."

ఎంత తెలివిగా చెప్పాననుకున్నానో! ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు.

అవ్వ బేరానికి దిగింది. నేను సూది వేసుకోమని నెలరోజులుగా ఆమె చుట్టూ తిరుగుతున్నాను. "నా కొడుకును ఇడిసిపెట్టు. రెండు చేతులకూ ఏసుకుంటా నీ సూది" అన్నది. నాకు కోపం నషాళానికి అంటింది. సూదితో బేరాలాడతావా, ఇదేమన్నా ఎండు చేపల సంతా అని అరిచాను. ఆమె లోపలికి పోయింది. ఆ పూటనుంచి నాకు కూడు పెట్టలేదు. రోజూ ఊరగాయన్నమే తిన్నాను. పక్క వాటాలోంచి ఎండ్రకాయల పులుసు వాసన గోడ దాటి వచ్చి నన్ను చంపుతుంటే, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేద్దామా అనిపించింది, నిజంగా.

మూడో రోజు మధ్యాహ్నం అవ్వ కొడుక్కి కూడు తీసుకెళ్తుంటే చూశాను. గిన్నె గెడ చివర తగిలించి, బరువు ఆపలేక గెడను నడుముకు ఆనించుకుని కిటికీ దాకా సాచింది. లోపలినుంచి అతను కమ్మీల సందులోంచి చెయ్యి బయటపెట్టి అందుకున్నాడు. గిన్నె పోగా లేనిది కుండ ఎందుకు పోకూడదు? నేను అట్నుంచి అటే పెద్దకాపు దగ్గరికి పోయాను. వల బాగుచేసుకుంటున్నాడు.

"కుండ గుడి గడప దాటదమ్మా. మా తాతల కాలం నుంచీ దాటలా" అన్నాడు తలెత్తకుండా.

"మీ తాతల కాలంలో మనిషిని బడిలో పెట్టి తాళం ఏసినారా పెద్దాయనా? ఆ తాళం ఏసింది మనమే గదా! కొత్త తాళం మనమే ఏసి, పాత గడప దాటమంటే వాడేం గోడకు కన్నం పెట్టుకోని రావాల్నా?"

"నీ నోటికొక దండం" అన్నాడు. ఒప్పుకోలేదు. మర్నాడు మళ్ళీ పోయాను, ఆ మర్నాడూ పోయాను. పుట్టిన బిడ్డను తలుచుకోమన్నాను. గొంతు పోయేదాకా వాదించాను. నా పోరు పడలేకో, ఆయనకే నిజమనిపించో, చివరికి సరేనన్నాడు.

ఆ రోజు బడి ముందు ఇసుకలో ఊరంతా గెడ పొడవంత దూరం పాటిస్తూ నిలబడింది. కుండకు ఉట్టి కట్టి, గెడ చివర వేలాడదీసి, ఇద్దరు మగవాళ్ళు పట్టుకున్నారు. ఒక్కొక్కరే వచ్చి, నేను చేతిలో పోసిన సానిటైజర్ రుద్దుకుని ఒక్కో తాటాకు తీశారు. అవ్వ కొడుకు వంతు వచ్చింది. కుండ ఊగుతూ కిటికీ దగ్గరికి పోయింది. కమ్మీల్లోంచి చెయ్యి వచ్చింది, ఒకసారి కుండ తప్పిపోయింది, ఊరంతా అరిచింది, రెండోసారి దొరికింది. తీసిన తాటాకు ఎత్తి చూపించాడు. మూడో వంతు. సముద్రం నీళ్ళు సరస్సులోకి వచ్చే దారి దగ్గర, అందరూ కోరుకునే తావు. అవ్వ ఇసుకలో చతికిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకో తెలియదు, బహుశా ఆకలికి.

అందరూ పోయాక ఆమె నా మణికట్టు పట్టుకుంది. "రా తల్లీ, కూడు తిను." అంతే, ఇన్ని రోజుల కోపం అక్కడితో సరి. ఇంట్లో నా పక్కనే, మోకాలు తగిలేటట్టు కూర్చుని, రొయ్యలు వలిచి తన చేత్తో నా కంచంలో వేసింది. గెడా లేదు, దూరమూ లేదు. "మా ఇండ్లల్లో ఒక పద్ధతి ఉండాది. వంతు దినం మొదట పడిన రొయ్య ఇంటి తల్లికి. ఆమె తిన్నాకే ఎవురైనా తినేది. ఈసారి నీకూ పెడతా" అన్నది. గొంతు గరగరమంటోందని నీళ్ళు తాగాను. పెద్దకాపుతో అరిచి అరిచి బొంగురుపోయింది కాబోలు అనుకున్నాను. "ఇంక నీ సూది ఏసెయ్యి" అని చెయ్యి చాపింది అవ్వ. నా పెట్టెలో మందు అయిపోయింది. గురువారం తెస్తానన్నాను.

గురువారం దాకా ఆగలేదు. మూడో రోజుకు అవ్వకు జ్వరం, ఆయాసం. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశాను. రెండు గీతలు పడ్డాయి. ఇంకో కిట్టు విప్పాను. దాని పుల్ల నా ముక్కులో నేను పెట్టుకున్నాను. రెండు గీతలు. ఇంక మిగిలింది బడి. మాస్కు మీద మాస్కు కట్టుకుని, కిటికీలోంచి అతనికి కూడా పరీక్ష చేశాను. ఒకటే గీత. అతనికి ఏమీ లేదు. ఊళ్ళో రోగం లేదని నమ్మకంగా చెప్పగలిగిన చోటు ఏదైనా ఉందంటే అది నేను తాళం వేసిన ఆ గది ఒక్కటే. తెచ్చింది నేను. వారం వారం పోయి, నేరుగా ఇంటికి నడిచి, అందరికీ దూరం నేర్పిన నేను.

అవ్వ వేలికి పెట్టిన మిషన్లో ఆక్సిజన్ అంకె పడిపోతోంది. ఆంబులెన్సుకు ఫోన్ చేశాను. ఒడ్డుదాకా వస్తామన్నారు. పడవ నెట్టడానికి కొడుకే కావాలి. తాళం తీశాను. అవ్వను నేనే ఎత్తుకుని మోకాటి లోతు నీళ్ళల్లోకి దిగాను. ఆరేళ్ళలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ నీళ్ళల్లోకి దిగింది అదే మొదటిసారి. అతను గెడ తీసుకురావడానికి పోయినప్పుడు అవ్వ నా మెడ దగ్గర చిన్నగా అన్నది.

"నీ గొంతు గరగర నాకు ఆ దినమే ఇనపడింది. ఎవురికీ చెప్పబాకు. చెప్తే నిన్ను పంపిచ్చేస్తారు. ఇంకొకరు యాడొస్తారు తల్లీ ఈ నీళ్ళల్లోకి?"

పడవ కదిలింది. నేను గదిలోకి పోయి తలుపేసుకున్నాను. అవ్వను ముట్టుకున్నాను గనుక బయటికి రానని కిటికీలోంచి చెప్పాను. అది అబద్ధం కాదు. నిజం మొత్తమూ కాదు.

రెండు రోజుల్లో ఇంకా కొందరికి జ్వరాలు మొదలయ్యాయి. ఫోన్ చేస్తే ఒడ్డునుంచి వేరే నర్సులు వచ్చి మందులిచ్చారు. సాయంత్రం పెద్దలంతా నా కిటికీకి ఎదురుగా, దూరం దూరంగా కూర్చుని మాట్లాడుకున్నారు. ప్రతి మాటా నాకు వినపడుతూనే ఉంది. కుండ గడప దాటింది. అమ్మవారికి కోపం వచ్చింది. ఒడ్డునుంచి వచ్చినవాడు ముట్టిన కుండలోనే తర్వాతివాళ్ళందరూ చేతులు పెట్టారు. వాడి తల్లికే కదా మొదట వచ్చింది! మూడో వంతు కొట్టేయాలి. పెద్దకాపు నా వైపు తిరిగి, "నీ తప్పు గాదులే నర్సమ్మా. నువ్వు ఒడ్డు మనిషివి. మా కట్టు నీకేం తెలస్తాది" అన్నాడు.

ఆరేళ్ళుగా ఏ మాట వింటే నాకు మండేదో ఆ మాటే ఆ పూట నాకు తప్పించుకునే దారి చూపించింది. నేను నోరు మూసుకున్నాను. ఎప్పుడూ మూతపడని నా నోరు! సిగ్గుతో మూసుకున్నానా, ఉద్యోగం పోతుందనా, అవ్వే చెప్పొద్దంది కదా అనా? మూడూ ఉన్నాయి. అవ్వకు తెలియదు కదా, నేను నోరు మూసుకుంటే పోయేది ఆమె మనవరాలి నోటి కూడని. అక్కడ ఆసుపత్రిలో ఆమె ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఇక్కడ నేను ఆమె కొడుకు వంతు పోనిస్తున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

తెల్లారాక పెద్దలు మళ్ళీ కూడారు, మూడో వంతు తాటాకు నీళ్ళల్లో వదిలేయడానికి. నేను పరీక్ష చేసిన మూడు కిట్లూ ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి వేశాను. గుమ్మం పక్కనున్న గెడ తీసుకుని, కవరు దాని చివర కట్టి, కిటికీలోంచి వాళ్ళ ముందుకు సాచాను.

"రెండు గీతలు ఉండేటివి అవ్వదీ నాదీ. ఒక గీత ఉండేది వాడిది. వాడికి ఏమీ లేదు. తెచ్చింది కుండ గాదు, అమ్మవారు గాదు. నేను. వాడి వంతు ముట్టుకోబాకండి."

ఒకామె లేచి, "నీ చేతులు ఇరగ!" అని గుప్పెడు ఇసుక నా కిటికీ మీద కొట్టింది. ఆమె మొగుడికి జ్వరం. నేను పక్కకు జరగలేదు. పెద్దకాపు దూరంనుంచే కవరు వైపు చూశాడు. ఆయనకు గీతల సంగతి ఎంత అర్థమైందో తెలియదు. చివరికి, "వంతు వాడిదే. నువ్వు బడిలోకి పో" అన్నాడు. పద్నాలుగు రోజులు, ఊళ్ళో ఎవరికైనా అంతే. తాళం ఆయనే వేశాడు.

ఆరో రోజున కబురు వచ్చింది, తిరుపతి ఆసుపత్రిలో అవ్వ పోయిందని. దీవికి తీసుకురానివ్వలేదు. కార్యం అక్కడే జరిగిపోయింది. నేను బడి గోడకు ఆనుకుని, నా మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాను. ఊరివాళ్ళు వింటారని కూడా అనుకోలేదు. మర్నాడు కొడుకు పడవ ఒక్కటే తిరిగొచ్చింది. ఒడ్డునుంచి వచ్చాడు కదా, కట్టు కట్టే! అతన్ని బడి రెండో గదిలో పెట్టారు. మధ్యలో ఒక గోడ, దానికో ద్వారం. ద్వారం అవతల నిలబడి ఒక్క మాటే అన్నాడు: "నీ సంగతి ఊళ్ళో చెప్పినారు."

తిడతాడని ఎదురు చూశాను. నాలుగు రోజులు ఏ మాటా లేదు. అతను పడుకుని అటూ ఇటూ పొర్లడం, నీళ్ళు తాగడం, ఫోన్లో బిడ్డ ఏడుపు వినడం అన్నీ వినపడేవి. ఐదో రోజు నేనే అన్నాను: "అబ్బా, నన్ను తిట్టు. ఊరికే ఉండబాకు."

మూడో వంతు రోజు మేము లోపల ఉండగానే వచ్చింది. వంతు అతనిదే అయినా మనిషి లేకపోతే ఆ వల పడదు. ఒకరి వంతులో ఇంకొకరు వల వేయడం ఆ ఊళ్ళో ఎన్నడూ లేదు. ఆ పొద్దున పెద్దకాపు తానే పడవెక్కి అతని వల వేశాడని, తర్వాత ఆయనే గెడ చివర తగిలించి కిటికీ దగ్గరికి అందించిన బుట్టను చూశాక తెలిసింది. బుట్ట నిండా రొయ్యలు, ఇంకా మీసాలు కదుపుతున్నాయి. కుండే గడప దాటాక ఇంక దాటకూడనిది ఏముందని ఆయన అనుకున్నాడో ఏమో, నేను అడగలేదు.

అతను ఉన్న గది మూలలో పిల్లల మధ్యాహ్న భోజనం వండే పొయ్యి ఉంది. అతనే వండాడు. పులుసు వాసన వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి ద్వారంలో గెడ కనిపించింది, నేలమీద గిన్నెను నెట్టుకుంటూ.

"మొదట పడింది ఇంటి తల్లికి" అన్నాడు. "ఆసుపత్రి నుంచి అమ్మ ఫోన్ చేసినాది. మాట సరిగ్గా రాలా. 'నర్సమ్మకు పెడతానని మాటిచ్చినా, నా బదులు నువ్వు పెట్టు' అనింది."

నేను గిన్నె ముట్టుకోలేకపోయాను.

"నీమీద నాకు కోపం పోలా. పోతాదో లేదో కూడా తెల్దు" అన్నాడు మళ్ళీ. "తిను. నువ్వు తింటే గాని నేను తినేదానికి లేదు."

అతనికి ఆకలిగా ఉంది. గోడ అవతల కూర్చుని ఎదురు చూస్తున్నాడు. నేను తిన్నాను. ఉప్పు వేయడం మరిచిపోయాడు. అవ్వ ఉంటే ఇద్దరినీ తిట్టేది. గిన్నె ఖాళీ చేసి, "తినేసినాను" అని చెప్పి, గెడ చివర తగిలించి వెనక్కి తోశాను. అప్పుడు అతను తినడం మొదలుపెట్టాడు.